నడుం మీద చెయ్యి వేయకుండా నడుం నొప్పికి వైద్యమా?

నడుం నొప్పితో నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది కూర్చోక ముందే చంకలోని పెద్ద కవరు తీసి బల్ల మీద పెడతారు. అందులో ఎమ్మారై ఫిల్ములు, రిపోర్టు, రక్త పరీక్షల కాగితాలు, రెండు మూడు మందుల చీటీలు ఉంటాయి. కొందరి నడుముకు అప్పటికే బెల్టు ఉంటుంది. ఫిల్ములు పక్కన పెట్టి నేను ముందుగా ఒకటే అడుగుతాను: "డాక్టరు గారు మిమ్మల్ని బల్ల మీద పడుకోబెట్టి చూశారా?" "లేదమ్మా, ఎక్కడ నొప్పి అని అడిగారు, స్కానింగు రాశారు" అంటారు. ఈ జవాబు వినకుండా నాకు వారం గడవదు.

ఒంగోలులో ఫిజియోథెరపిస్టుగా ఏళ్ల తరబడి ఇదే పనిలో ఉన్నాను. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో పనిచేసేవాళ్లు, టిప్పర్ డ్రైవర్లు, పొగాకు గ్రేడింగుకు వెళ్లే ఆడవాళ్లు, మిరప కోతల కూలీలు, రోజంతా కుర్చీలోనే గడిపే బ్యాంకు ఉద్యోగులు, పండక్కి ఊరొచ్చి నడుం పట్టేసిన సాఫ్ట్‌వేర్ పిల్లలు అందరూ వస్తారు. వాళ్లను పంపే డాక్టర్లలో కొందరి చీటీ చూస్తే కడుపు నిండుతుంది. కాలు ఎంత ఎత్తుకు లేపితే నొప్పి పుట్టింది, బొటనవేలిలో బలం ఎంత ఉంది, మడమ దగ్గర రిఫ్లెక్స్ వస్తోందా లేదా, అంతా రెండు లైన్లలో రాసి ఉంటుంది. మరికొందరి చీటీలో "ఎల్‌ఫోర్-ఎల్‌ఫైవ్ డిస్క్ బల్జ్, ట్రాక్షన్ పది రోజులు" అని తప్ప ఇంకేమీ ఉండదు.

ఊరు ఒకటే, నొప్పి ఒకటే, ఇద్దరు డాక్టర్లూ చదివిన చదువూ ఒకటే. అయినా ఒకరి నడుం పరీక్షకు నోచుకుంటుంది, ఇంకొకరిది నోచుకోదు. పొద్దున పది గంటలకు వెళ్లినవాళ్లను శ్రద్ధగా పరీక్షించిన డాక్టరే, ఒంటి గంటకు వరస పెరిగాక కుర్చీలోంచి లేవలేకపోతారు. చేత్తో చూసే పరీక్ష రోగి అదృష్టాన్ని బట్టి జరిగేది కాకూడదు. నడుం నొప్పితో వచ్చిన ప్రతి మనిషికీ, ప్రతిచోటా, స్కానింగు రాయకముందే అది జరిగి తీరాలి. నేను చెప్పదలచింది ఇదే.

ఇది చిన్న సమస్య కాదు. 2020లో ప్రపంచంలో 61.9 కోట్ల మంది నడుం నొప్పితో బాధపడ్డారని లెక్క. 2050 నాటికి ఆ సంఖ్య 84 కోట్లు దాటుతుందని అంచనా. మనిషిని పనికి దూరం చేసే జబ్బుల్లో ప్రపంచం మొత్తం మీద ముందు వరసలో ఉన్నది ఇదే. మన దగ్గర రోజు కూలి మీద బతికేవాళ్లకు నడుం పడిపోతే ఇల్లు పడిపోయినట్టే.

ఇంతకీ ఈ పరీక్షలో ఏం చేస్తారు? గదిలోకి నడిచి వచ్చేటప్పుడే అది మొదలవుతుంది. మనిషి ఏ కాలి మీద బరువు వేస్తున్నాడు, కుర్చీలోంచి లేవడానికి చేతులు ఆనిస్తున్నాడా అన్నది చూడాలి. మడమల మీద నాలుగు అడుగులు, మునివేళ్ల మీద నాలుగు అడుగులు నడిపించాలి. మడమల మీద నడవలేకపోతే ఒక నరం, మునివేళ్ల మీద లేవలేకపోతే ఇంకో నరం అనుమానంలోకి వస్తాయి. ముందుకు వంచాలి, వెనక్కి వంచాలి. చొక్కా పైకెత్తి వెన్నుపూసల మీద ఒక్కొక్కటిగా తట్టుకుంటూ రావాలి. ఒక్కచోట మాత్రమే ఎముక మీద ప్రాణం పోయేంత నొప్పి ఉందంటే వెన్నెముక టీబీ, విరిగిన ఎముక, వెన్నుకు పాకిన క్యాన్సర్ గుర్తుకు రావాలి. ప్రపంచంలోని టీబీ రోగుల్లో దాదాపు నాలుగో వంతు ఉన్న దేశం మనది. ఇక్కడ వెన్ను మీద తట్టి చూడకపోవడం పెద్ద సాహసమే. చొక్కా ఎత్తితేనే కనిపించేవి ఇంకా ఉన్నాయి. నడుం చుట్టూ ఒకవైపే పట్టీలా లేచిన పొక్కులు అలాంటివే. అది సర్పి, దానికి వేరే మందు కావాలి.

తర్వాత బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంగకుండా మడమ పట్టుకుని కాలు మెల్లగా పైకి లేపాలి. ముప్ఫై, డెబ్బై డిగ్రీల మధ్య ఎక్కడో పిరుదు నుంచి మోకాలు దాటి పాదం దాకా కరెంటు పాకినట్టు లాగితే నరం మీద ఒత్తిడి ఉందని అనుమానించాలి. తొడ వెనక కండరం మాత్రమే బిగిస్తే లెక్క వేరు. అందుకే ఆ క్షణంలో రోగి ముఖం చూస్తూ "ఎక్కడిదాకా లాగింది?" అని అడగాలి. ఈ పరీక్షను సెర్బియా వైద్యుడు లాజారెవిచ్ 1880లో వర్ణించాడు. మరుసటి ఏడాది ఫ్రాన్స్‌లో లాసెగ్ శిష్యుడు ఫోర్స్ట్ తన థీసిస్‌లో రాశాడు. నూట నలభై ఏళ్లు దాటినా నరం సంగతి అడగడానికి డాక్టరు చేతికి ఇంతకన్నా సులువైన పద్ధతి దొరకలేదు. దీనికి కరెంటు అక్కర్లేదు, ఫిల్మూ అక్కర్లేదు.

ఆపైన బొటనవేలిని పైకి లేపమని అడ్డుపెట్టి బలం చూడాలి. పాదం మీద దూదితో రెండు వైపులా స్పర్శ పోల్చాలి. మోకాలి దగ్గర, మడమ దగ్గర చిన్న సుత్తితో కొట్టి రిఫ్లెక్స్ చూడాలి. తుంటిని లోపలికీ బయటికీ తిప్పాలి. చివరగా, మొహమాటం పక్కన పెట్టి అడగాల్సిన ప్రశ్నలు రెండున్నాయి. మూత్రం ఆగిపోవడం గానీ తెలియకుండా పోవడం గానీ ఉందా? కూర్చునే చోట, తొడల లోపలి వైపు తిమ్మిరిగా ఉందా? ఈ రెండింటిలో దేనికి అవుననే జవాబు వచ్చినా వెన్ను అడుగున నరాల గుత్తి మొత్తం నలిగిపోతూ ఉండొచ్చు. అప్పుడు గంటల లెక్కన ఆపరేషన్ గదికి చేర్చాలి. ఆలస్యమైతే మూత్రం మీద పట్టు తిరిగి రాకపోవచ్చు. అంతా కలిపినా ఎనిమిది, పది నిమిషాల పని.

"ఎమ్మారైలో అన్నీ కనిపిస్తాయి కదా, మళ్లీ ఈ తట్టడాలు, లేపడాలు ఎందుకు?" అని చదువుకున్నవాళ్లే నన్ను అడుగుతారు. అన్నీ కనిపిస్తాయి, నిజమే. చిక్కంతా అక్కడే ఉంది. 1994లో అమెరికాలో జెన్సన్ బృందం నడుం నొప్పి లేని 98 మందికి ఎమ్మారై తీసింది. వాళ్లలో సగానికి పైగా, అంటే 52 శాతం మందికి ఒక్కచోటైనా డిస్క్ ఉబ్బి కనిపించింది. 2015లో వచ్చిన మరో పెద్ద సమీక్ష నొప్పి లేని 3,110 మంది స్కాన్లను కలిపి చూసింది. డిస్క్ అరుగుదల ఇరవై ఏళ్లవాళ్లలోనే 37 శాతం మందికి ఉంది, ఎనభై ఏళ్లవాళ్లలో 96 శాతం మందికి ఉంది. వీళ్లెవరికీ నొప్పి లేదని గుర్తుంచుకోవాలి. తల నెరవడం ఎలాంటిదో డిస్క్ అరగడమూ చాలాసార్లు అలాంటిదే. వయసుకు గుర్తు తప్ప జబ్బుకు రుజువు కాదు.

2017లో వచ్చిన ఇంకో అధ్యయనం గురించి చదివినప్పుడు నాకు నిద్ర పట్టలేదు. నడుం నొప్పి, కాలి నొప్పి ఉన్న 63 ఏళ్ల స్త్రీకి మూడు వారాల్లో పది వేర్వేరు సెంటర్లలో ఎమ్మారై తీయించారు. పది రిపోర్టుల్లో కలిపి 49 రకాల లోపాలు రాశారు. పదింటిలోనూ ఉన్న లోపం ఒక్కటి కూడా లేదు. మూడో వంతు దాకా ఏదో ఒక్క రిపోర్టులోనే ఉన్నాయి. మనిషి ఒక్కరే, వెన్నూ ఒక్కటే. రిపోర్టులో రాసిన వాటిలో ఈమె నొప్పికి కారణం ఏది అన్నది తేల్చాలంటే ఆమె కాలు ఎత్తి, వేలి బలం చూసి, స్పర్శ పోల్చి తీరాలి. ఫిల్ములో కుడివైపు ఒత్తిడి కనిపిస్తుంటే మనిషికి ఎడమకాలు లాగుతున్న సందర్భాలు నేను ఎన్నో చూశాను.

పరీక్ష చేయకపోతే స్కానింగు కూడా తప్పుడు చోట తీస్తారు. ఓ టిప్పర్ డ్రైవరు, నలభై లోపు వయసు, కుడి పిరుదు నొప్పి తొడ దాకా పాకుతోందని వచ్చాడు. నడుం ఎమ్మారైలో రెండు డిస్కులు ఉబ్బి ఉన్నాయి. బెల్టు, ట్రాక్షన్, సూదులు అన్నీ అయిపోయాయి, కుంటు మాత్రం పెరిగింది. బల్ల మీద పడుకోబెట్టి మోకాలు వంచి తుంటిని లోపలికి తిప్పబోతే రెండు వేళ్ల మేర కూడా తిరగలేదు. "అబ్బా మేడం, అక్కడే!" అని బల్ల అంచు పట్టుకున్నాడు. అతని కాలు ఎత్తి చూస్తే నరం లాగుడు ఏమీ లేదు. ఎముకల డాక్టరుకు చీటీ రాసి తుంటి ఎక్స్‌రే తీయించమన్నాను. తుంటి బంతికి రక్తం అందక ఎముక చచ్చిపోతోంది. నడుముకు ఎన్ని సూదులు వేసినా తుంటి నొప్పి పోదు. ఆ ఒక్క కదలిక చూడడానికి అర నిమిషం చాలు.

ఇంకొకరు కనిగిరి వైపు రైతు, అరవై దాటిన మనిషి. "నడుం కొయ్యబారిపోయింది తల్లీ, కాళ్లు బిర్రుగా ఉంటున్నాయి, నడుస్తుంటే చెప్పు జారిపోతోంది" అన్నాడు. నడుం ఎమ్మారైలో అరుగుదల అని ఉంది. నెలల తరబడి అదే వైద్యం. మోకాలి కింద సుత్తితో తాకించగానే కాలు ఎగిరి గాలిలోకి లేచింది. అరికాలి మీద గీస్తే బొటనవేలు పైకి లేచింది. నడుం దగ్గర నరం నొక్కుకుంటే రిఫ్లెక్స్ తగ్గుతుంది, ఇలా ఎగరదు. ఎగిరిందంటే నొక్కుడు ఇంకా పైన, వెన్నుపాము మీద ఉన్నట్టు. అంత పైభాగం నడుం ఎమ్మారైలో రాదు. ఆయన్ను పంపిన డాక్టరుతో ఫోనులో మాట్లాడాను. ఆయన వెంటనే మెడ స్కాన్ రాశారు. మెడలోని లిగమెంట్లు ఎముకలా గట్టిపడి వెన్నుపామును నొక్కుతున్నాయి. దానికి కారణం ఏళ్ల తరబడి తాగిన ఫ్లోరైడ్ నీళ్లు. ఆపరేషన్ అయింది, ఇప్పుడు కర్ర పట్టుకుని పొలం గట్టుదాకా వెళ్లి వస్తున్నాడు.

ఈ ప్రాంతంలో ఫ్లోరోసిస్ కొత్త సంగతి కాదు. అప్పటి నెల్లూరు జిల్లా నుంచి షార్ట్ అనే వైద్యుడి బృందం 1937లోనే దీని మీద నివేదిక ప్రచురించింది. కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలు ఆనాడు ఆ జిల్లాలోవే. ఊళ్లలో ఫ్లోరోసిస్ వెతకడానికి ఆరోగ్య కార్యకర్తలకు నేర్పే పద్ధతి ఏమిటో తెలుసా? మోకాళ్లు వంచకుండా పాదాలు అందుకోమనడం, గడ్డాన్ని ఛాతీకి ఆనించమనడం, చేతులు చాచి వెనక్కి మడిచి తల వెనక పెట్టమనడం. ఈ మూడు కదలికల్లో ఏది కుదరకపోయినా ఆ మనిషిని మరింత పరీక్షకు పంపుతారు. చెట్టు కింద నిలబెట్టి చేయించగలిగే ఈ పరీక్ష ఏసీ గదిలో చేయడానికి తీరిక లేదంటే ఎలా ఒప్పుకోవడం?

ఈ అస్తవ్యస్తం మన దగ్గరే ఉందని అనను. 1994లోనే అమెరికాలో చెర్కిన్ బృందం రకరకాల స్పెషలిస్టులకు ఒకే విధమైన నడుం నొప్పి రోగుల వివరాలిచ్చి ఏ పరీక్షలు రాస్తారని అడిగింది. న్యూరోసర్జన్లు స్కాన్లవైపు, న్యూరాలజిస్టులు నరాల కరెంటు పరీక్షలవైపు, కీళ్లవాతం నిపుణులు రక్త పరీక్షలవైపు మొగ్గారు. రోగికి ఏం జరుగుతుందన్నది అతని జబ్బును బట్టి కాక, అతను ఏ గది తలుపు తట్టాడన్నదాన్ని బట్టి తేలిందన్నమాట. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి స్టాన్‌ఫర్డ్‌లో పాఠాలు చెబుతున్న డాక్టర్ అబ్రహం వర్గీస్ బృందం 2015లో మరో పని చేసింది. నడుం నొప్పే కాదు, అన్ని జబ్బుల్లోనూ శరీర పరీక్షలో లోపం వల్ల జరిగిన పొరపాట్ల గురించి డాక్టర్ల నుంచే 208 ఉదంతాలు సేకరించింది. పరీక్ష తప్పుగా చేయడం, కనిపించినదాన్ని తప్పుగా అర్థం చేసుకోవడం కన్నా ఎక్కువగా జరిగినది అసలు పరీక్షే చేయకపోవడం. వందకు 63 ఉదంతాల్లో అదే కారణం.

చేత్తో చేసే ప్రతి పరీక్షా వేదవాక్కు కాదని నా వృత్తిలో ఉన్నవాళ్లమే ముందు ఒప్పుకోవాలి. వేళ్లతో తడిమి ఈ పూస కదలడం లేదు, ఆ పూస పక్కకు జరిగింది అని చెప్పే పద్ధతిలో ఇద్దరు నిపుణులు ఒకే రోగిని చూసి చెరో మాట చెబుతుంటారు. కాలు ఎత్తే పరీక్ష కూడా ఒంటరిగా చాలదు. డిస్క్ ఒత్తిడి ఉన్నవాళ్లను బాగానే పట్టిస్తుంది గానీ, లేనివాళ్లలోనూ తరచూ నొప్పి చూపిస్తుంది. అదే బాగున్న కాలు ఎత్తినప్పుడు జబ్బు కాలు లాగితే, అది అరుదుగా కనిపించినా గట్టి సాక్ష్యం. అందుకే నేను అడుగుతున్నది పాతిక రకాల పరీక్షలు కాదు. నడక, వెన్ను మీద తట్టడం, కాలు ఎత్తడం, బలం, స్పర్శ, రిఫ్లెక్స్, తుంటి. ఈ కొన్నీ కలిపి, అందరికీ, ఒకేలా చేయమంటున్నాను.

నడుం నొప్పుల్లో ఎక్కువ భాగానికి ఫలానా కారణం అని తేల్చలేం. వారాల్లో అవే తగ్గుతాయి. ప్రమాద సూచనలు లేకపోతే మొదటి ఆరు వారాల్లో స్కానింగు వద్దని అమెరికా ఫ్యామిలీ డాక్టర్ల సంఘం 2012లోనే చెప్పింది. కానీ ప్రమాద సూచనలు లేవని ఎలా తెలుస్తుంది? అడిగి, పరీక్షిస్తేనే తెలుస్తుంది. ఒంటి మీద చెయ్యి వేసి అన్నీ చూసి, "నరాలు బాగున్నాయి, భయం లేదు, నడవండి, పని మానకండి" అని డాక్టరు చెబితే ఆ మాట రోగి నమ్ముతాడు. చూడకుండా చెబితే నమ్మడు, ఇంకో ఊళ్లో ఇంకో స్కాన్ తీయించుకుంటాడు. రిపోర్టులో "డిస్క్ జారింది" అని చదువుకున్న మనిషి బిందె ఎత్తడం మానేస్తుంది, వంగడం మానేస్తుంది. నడుం కండరాలు నీరసించి నొప్పి ముదురుతుంది. అలా మంచానికి అతుక్కుపోయిన పొగాకు గ్రేడింగు ఆడవాళ్లను లేపి నిలబెట్టడానికి నాకు వ్యాయామాలకన్నా ధైర్యం చెప్పడానికే ఎక్కువ సమయం పడుతోంది.

డాక్టర్ల ఇబ్బందులు నాకు తెలియనివి కావు. 2017లో వచ్చిన ఓ అంతర్జాతీయ అధ్యయనం ప్రకారం ప్రాథమిక వైద్యంలో రోగికి దొరికే సమయం స్వీడన్‌లో 22 నిమిషాలు దాటితే, మన దేశంలో సుమారు రెండు నిమిషాలు. రెండు నిమిషాల్లో చీర కట్టుకున్న పెద్దావిడ బల్ల ఎక్కి దిగడమే కుదరదు. చాలా ఓపీ గదుల్లో పరీక్ష బల్ల మీద శాంపిల్ మందుల పెట్టెలు, పాత ఫైళ్లు పడుకుని ఉంటాయి. తెర ఉండదు, ఎక్కడానికి మెట్టు ఉండదు, పక్కన నర్సు ఉండదు. మగ డాక్టరు ముందు జాకెట్టు వెనక భాగం చూపించడానికి ఆడవాళ్లు సిగ్గుపడతారు, తాకితే ఏమంటారోనని డాక్టరు జంకుతారు. ఇటు రోగులూ "స్కానింగు రాయండి సార్" అని పట్టుబడతారు. రాయని డాక్టరుకు ఏమీ తెలియదని ఊళ్లో చెప్పుకుంటారు.

ఇవన్నీ పరిష్కరించగలిగినవే. ప్రతి ఓపీ గదిలో ఖాళీ బల్ల, తెర, మెట్టు, సుత్తి, పక్కన ఒక ఆడమనిషి ఉండాలి. వీటికయ్యే ఖర్చు కొన్ని ఎమ్మారైల ఖర్చును మించదు. జిల్లా ఆసుపత్రుల్లో నడుం నొప్పివాళ్లను డాక్టరు దగ్గరికి వెళ్లేలోగా ఫిజియోథెరపిస్టు గానీ శిక్షణ పొందిన నర్సు గానీ పరీక్షించి కాగితం మీద రాసి పంపితే డాక్టరు సమయం సగం మిగులుతుంది. అనుమానం ఉన్నది మాత్రం ఆయన మళ్లీ చూస్తే చాలు. రోగులకూ ఒక మాట. మర్యాదగా, భయపడకుండా, "డాక్టరు గారూ, ఒకసారి పడుకోబెట్టి కాలు ఎత్తి చూస్తారా?" అని అడగండి. వదులు బట్టలు వేసుకుని వెళ్లండి. ఆడవాళ్లు తోడుగా ఒకరిని తీసుకెళ్లండి. జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నిద్రపట్టనివ్వని నొప్పి, కాలి బలం తగ్గడం, మూత్రంలో తేడా ఉంటే అడగకముందే చెప్పండి.

వీటన్నిటికన్నా ముందు ఒక్క నిబంధన కావాలి. నడుం ఎమ్మారై రాసే ప్రతి చీటీలో నాలుగు లైన్లు తప్పనిసరి చేయాలి: కాలు ఎత్తితే ఏమైంది, బలం ఎంత, రిఫ్లెక్స్‌లు ఎలా ఉన్నాయి, ప్రమాద సూచనలు ఉన్నాయా లేవా. ఆ లైన్లు ఉంటే రిపోర్టు రాసే రేడియాలజిస్టుకు ఏ నరం వైపు చూడాలో తెలుస్తుంది. రోగి రెండో డాక్టరు దగ్గరికి వెళ్లినా మొదటి రోజు పరిస్థితి ఏమిటో రుజువు ఉంటుంది. నెల తర్వాత బలం తగ్గిందో పెరిగిందో పోల్చుకోవచ్చు. ఆ నాలుగు లైన్లు లేని చీటీకి ఏ సెంటరూ డబ్బు కట్టించుకోకూడదని ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఆరోగ్య శాఖలు ఈ ఏడాదే ఉత్తర్వు ఇవ్వాలి.